గోదావరి డెల్టాలో మొదటి రోడ్ బైక్: కొనేముందు అందరూ అడిగే ప్రశ్నలు

రోడ్ బైక్ కొందామని యూట్యూబ్ తెరిస్తే కనిపించేవన్నీ బెంగళూరు, పుణె వాళ్ళ వీడియోలే. వాళ్ళు వారం వారం నంది కొండ ఎక్కాలి, సింహగడ్ ఎక్కాలి. అందుకే వాళ్ళ మాటలన్నీ సైకిల్ బరువు చుట్టూ, గేర్ల చుట్టూ తిరుగుతుంటాయి. మనకి ధవళేశ్వరం దిగిన దగ్గర్నుంచి అంతర్వేది దాకా వంతెనల అప్రోచ్ రోడ్లు తప్ప ఎక్కడానికి ఏమీ లేదు. మనల్ని ఇబ్బంది పెట్టేవి గాలి, గతుకులు, తుమ్మముళ్ళు, ఉప్పు. కాబట్టి ఇక్కడి జవాబులు కొంచెం వేరు. రాజమండ్రి, అమలాపురం, భీమవరం, నరసాపురం వైపు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి.

రోడ్ బైక్‌కీ, హైబ్రిడ్‌కీ, గేర్ల సైకిల్‌కీ తేడా ఏంటి?

మన ఊళ్ళో "గేర్ల సైకిల్" అంటే చాలామంది ముందు షాకులు, లావు టైర్లు ఉన్న ఎమ్‌టిబి అనుకుంటారు. అది కొండదారులకి చేసింది. తారురోడ్డు మీద తొక్కితే ప్రతి తొక్కుకీ షాకులు కిందకీ పైకీ ఊగుతాయి, మన బలం కొంత అందులోనే పోతుంది. హైబ్రిడ్‌కి హ్యాండిల్ తిన్నగా ఉంటుంది, టైర్లు మధ్యస్థంగా ఉంటాయి. రోడ్ బైక్‌కి పొట్టేలు కొమ్ముల్లా కిందకి వంగిన డ్రాప్ హ్యాండిల్, సన్న టైర్లు ఉంటాయి, షాకులు ఉండవు. మొదటిసారి కొనే అల్యూమినియం రోడ్ బైక్ 10 నుంచి 11 కిలోలు తూగుతుంది.

అసలు నాకు రోడ్ బైకే కావాలా?

బజారుకి, ట్యూషన్‌కి, తోటకి వెళ్ళడానికైతే వద్దు. క్యారేజీ, స్టాండు, మడ్‌గార్డు ఉన్న మామూలు సైకిలే సుఖం. ఆదివారం పూట 30, 40 కిలోమీటర్లు ఆగకుండా తొక్కాలనీ, తర్వాత ఇంకా దూరం వెళ్ళాలనీ ఉంటే రోడ్ బైక్ కొనండి. ఎటూ తేల్చుకోలేకపోతే ముందు తెలిసినవాళ్ళ హైబ్రిడ్ అడిగి తీసుకుని నెల రోజులు తొక్కి చూడండి. గాలికి ఎదురెళ్ళినప్పుడు "ఇంకొంచెం వంగగలిగితే బాగుండు" అనిపించిందంటే మీకు డ్రాప్ హ్యాండిల్ కావాలన్నమాట.

మన రోడ్ల మీద అంత సన్న టైర్లు నిలుస్తాయా?

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే, కానీ ఎక్కువమంది చివర్లో అడుగుతారు.

జాతీయ రహదారి 16 మీద రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా వెళ్తే ఏ టైరైనా నిలుస్తుంది. కానీ ఆ రోడ్డు మీద లారీల పక్కన తొక్కడానికి ఎవరూ సైకిల్ కొనుక్కోరు. డెల్టాలో తొక్కడమంటే కాలవగట్టు రోడ్లు, కొబ్బరితోటల మధ్య రోడ్లు, చేపల చెరువుల మధ్య రోడ్లు. కింద ఒండ్రుమట్టి, పక్కన నీళ్ళు, పైన ధాన్యం లారీలూ ఆక్వా లారీలూ. తారు వేసిన ఏడాదికే అంచులు విరుగుతాయి, మధ్యలో గోతులు పడతాయి. కాబట్టి 25 మిల్లీమీటర్ల టైరు ఇక్కడ తప్పుడు ఎంపిక. 28 పరవాలేదు. 32 అయితే నిశ్చింత.

సన్న టైరైతే స్పీడు ఎక్కువ వస్తుందని ఒక పాత నమ్మకం ఉంది. నున్నటి రోడ్డు మీద కూడా ఆ తేడా స్వల్పమే. గతుకుల రోడ్డు మీదైతే గాలి ఎక్కువ కొట్టిన సన్న టైరు ఎగిరెగిరి పడుతూ మన బలం తినేస్తుంది. లావు టైరులో కాస్త తక్కువ గాలి పెడితే గతుకుని అదే మింగేస్తుంది. 70 కిలోల మనిషికి సుమారుగా 25 టైరులో 90 పిఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), 28లో 75 నుంచి 80, 32లో 55 నుంచి 65 సరిపోతుంది. వెనక టైరులో నాలుగైదు పాయింట్లు ఎక్కువ పెట్టండి, బరువు అటే ఎక్కువ పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. టైరు తర్వాత మార్చుకోవచ్చు గానీ ఫ్రేములో చోటు మార్చుకోలేం. రిమ్ బ్రేకులున్న (రబ్బరు ముక్కలు చక్రం అంచుని పట్టేవి) చాలా ఫ్రేముల్లో 28 దాటితే టైరు బ్రేకుకి తగులుతుంది. చక్రం మధ్యలో ఉండే బిళ్ళని పట్టే డిస్క్ బ్రేకులవాటిలో సాధారణంగా 32 పడుతుంది, కొన్నిటిలో అంతకంటే లావువీ పడతాయి. షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇందులో ఎంత లావు టైరు పడుతుంది?" అని. ఇచ్చిన టైరు ఎంత అనేది తర్వాత చూసుకోవచ్చు.

బరువు తక్కువుంటే మంచిది కదా? కార్బన్ ఫ్రేము తీసుకోనా?

మొదటి సైకిల్‌కి వద్దు. చేతిలో డబ్బున్నా వద్దనే అంటాను.

లెక్క చూడండి. బల్లపరుపు రోడ్డు మీద గంటకి 25 కిలోమీటర్ల స్పీడులో మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. సైకిల్ 2 కిలోలు తగ్గితే టైర్ల రాపిడిలో మిగిలేది ఒక వాటు కంటే తక్కువ. ఆ స్పీడులో మామూలు మనిషి పెట్టేది వంద వాట్లకి పైమాటే. ఆ ఒక్క వాటు కోసం పెట్టే డబ్బుతో మంచి టైర్లు, మంచి సీటు, హెల్మెట్, లైట్లు వస్తాయి. బరువు తేడా తెలిసేది ఎత్తు ఎక్కేటప్పుడు, అంటే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద. డెల్టాలో ఉండేవాళ్ళు అక్కడికి వెళ్ళేది ఏడాదికి ఎన్నిసార్లు?

అల్యూమినియం ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మాత్రం కార్బన్‌ది, ఇది మంచి కలయిక. గతుకుల అదురు చేతులకి కాస్త తక్కువ తెలుస్తుంది. స్టీలు ఫ్రేము సౌకర్యంగానే ఉంటుంది గానీ సముద్రం దగ్గర తుప్పు సంగతి చూసుకోవాలి.

అయితే మన దగ్గర దేనికి డబ్బు పెట్టాలి?

సరైన సైజుకి, టైర్లకి, చేతికి అందే దూరంలో రిపేరు చేయగల మనిషికి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఎదురుగాలి సంగతేంటి?

కొండలు లేని చోట గాలే కొండ. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి పైరగాలి మొదలవుతుంది. అరుగు మీద కూర్చున్నవాడికి అది ప్రాణం లేచొచ్చే గాలి, అంతర్వేది వైపు తొక్కేవాడికి శత్రువు. మీరు గంటకి 20 కిలోమీటర్లు వెళ్తుంటే ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వీచిందనుకోండి, ఒంటికి తగిలే గాలి 35 అవుతుంది. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి అది మూడు రెట్లు దాటుతుంది. అప్పుడు హ్యాండిల్ కింది వంపు పట్టుకుని, మోచేతులు వంచి, గేరు ఒకటి తగ్గించి, స్పీడు గురించి ఆలోచించకుండా తొక్కడమే. ఇద్దరు ముగ్గురుంటే ఒకరి వెనక ఒకరు మార్చుకుంటూ వెళ్ళండి.

ఇంకో చిట్కా. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురెళ్ళి, వచ్చేటప్పుడు గాలితో రండి. కొత్తవాళ్ళు దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. గాలి తోస్తుంటే "ఈ రోజు భలే తొక్కుతున్నాను" అనుకుంటూ నలభై కిలోమీటర్లు పోయి, తిరుగుదారిలో టెన్షన్ పడుతూ ఇంటికి ఫోన్ చేస్తారు.

నా సైజు ఎలా తెలుసుకోవాలి?

సైజు తప్పితే ఎంత ఖరీదైన సైకిలైనా నడుం నొప్పి, మెడ నొప్పి, అరచేతుల తిమ్మిరి తెచ్చిపెడుతుంది. రోడ్ బైక్ సైజులు సెంటీమీటర్లలో గానీ ఎస్, ఎమ్, ఎల్ అని గానీ ఉంటాయి. ఎత్తును బట్టి ఉజ్జాయింపుగా 5 అడుగుల 2 నుంచి 5 అంగుళాల వాళ్ళకి 48 లేక 50, 5 అడుగుల 6 అంగుళాల చుట్టుపక్కల వాళ్ళకి 52, 5 అడుగుల 8 నుంచి 10 అంగుళాల వాళ్ళకి 54, ఆపైన 56. కంపెనీని బట్టి ఇది మారుతుంది కాబట్టి ఆ కంపెనీ చార్టు తప్పకుండా చూడండి.

ఎత్తు ఒక్కటే చాలదు, కాలి కొలత కావాలి. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం పెట్టి నిలబడండి. గట్టి అట్ట ఉన్న లావు పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం అంచు గోడకి తగిలిన చోట ఇంట్లో ఎవరిచేతనైనా పెన్సిల్ గీత పెట్టించి, నేల నుంచి అక్కడికి టేపుతో కొలవండి. ఆ కొలతని 0.883తో గుణిస్తే పెడళ్ళ చేతులు (క్రాంకులు) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగానికి ఉండాల్సిన దూరం సుమారుగా వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే సీటు 70.6 దగ్గర ఉండాలి. అక్కడి నుంచి మోకాలికి సుఖంగా ఉండేలా కొంచెం అటూ ఇటూ సర్దుకోండి.

మన దగ్గర చాలామంది సీటు మరీ కిందకి పెట్టుకుంటారు. చిన్నప్పుడు నాన్న సైకిల్ అడ్డతొక్కుడు తొక్కిన అలవాటో ఏమో, సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలని పట్టు. రోడ్ బైక్‌లో అలా ఆనకూడదు. పెడల్ కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ఆగేటప్పుడు సీటు దిగి ముందుకొచ్చి నిలబడాలి. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

రెండు సైజుల మధ్య ఊగుతుంటే కొత్తవాళ్ళు చిన్నది తీసుకోవడం మేలు. హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే స్టెమ్ మార్చి కొంచెం పొడుగు చేసుకోవచ్చు. పెద్ద ఫ్రేముని చిన్నది చేయడం కష్టం. "పెరిగే పిల్లాడు కదా, పెద్దది తీసుకుందాం" అనే లెక్క చొక్కాలకి పనిచేస్తుంది గానీ దీనికి పనికిరాదు.

ఎన్ని గేర్లుండాలి? షిమానోలో క్లారిస్, సోరా అంటారు, అవేంటి?

షిమానో గేర్లు తయారుచేసే కంపెనీ, దాని రోడ్ గేర్లలో వరస ఇది. టూర్నీలో వెనక 7 గేర్లు, క్లారిస్‌లో 8, సోరాలో 9, టియాగ్రాలో 10, ఆపైన 105లో 11 లేక 12. ఈమధ్య క్యూస్ అనే పేరుతోనూ వస్తున్నాయి. డెల్టాకి క్లారిస్ చాలు. 8 స్పీడు చైను, క్యాసెట్టు (వెనక పళ్ళ చక్రాల గుత్తి) చవక, కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటాయి.

చూడాల్సింది గేర్లు మార్చే మీట ఎక్కడుందన్నది. బ్రేకు లీవరులోనే గేరు మార్చే ఏర్పాటు ఉండాలి. కొన్ని చవక సైకిళ్ళలో ఆ మీట ఫ్రేము మీదో హ్యాండిల్ మధ్యలోనో ఉంటుంది. గేరు మార్చాలంటే చెయ్యి తీయాలి, అదే సమయంలో ముందు గేదెలు రోడ్డు దాటుతుంటాయి.

ముందు చక్రాలు 50, 34 పళ్ళవి ఉండి వెనకవి 11 నుంచి 32 పళ్ళ దాకా ఉంటే మన వంతెనలకీ సరిపోతుంది, ఎప్పుడైనా రంపచోడవరం దాటి మారేడుమిల్లి వైపు వెళ్ళినా పనికొస్తుంది.

డిస్క్ బ్రేకా, రిమ్ బ్రేకా?

వానలో రిమ్ తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. పైగా బురద రిమ్‌కీ రబ్బరుకీ మధ్య చేరి రెండిటినీ అరగదీస్తుంది. డిస్క్‌కి ఆ బాధ తక్కువ. టైరుకి చోటు ఎక్కువుంటుందని ముందే చెప్పుకున్నాం, నా దృష్టిలో అదే పెద్ద లాభం.

డిస్కుల్లో మళ్ళీ రెండు రకాలు, వైరుతో లాగేది, నూనెతో పనిచేసే హైడ్రాలిక్. హైడ్రాలిక్ మెత్తగా, గట్టిగా పడుతుంది. కానీ దాని నూనె మార్చి గాలి తీసే మనిషి, సామాను డెల్టాలో అన్ని ఊళ్ళలో దొరకవు. వైరు డిస్క్ అయితే వైరు బిగించడం తెలిసిన ఎవరైనా సర్దగలరు. రాజోలులోనో ముమ్మిడివరంలోనో ఉండేవాళ్ళకి నేను వైరు డిస్కే చెబుతాను. హైడ్రాలిక్ తీసుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. చక్రం విప్పి ఉన్నప్పుడు బ్రేకు నొక్కకూడదు, ప్యాడ్లు దగ్గరకొచ్చి అతుక్కుపోతాయి.

ఎంత బడ్జెట్ పెట్టుకోవాలి?

25 నుంచి 35 వేలలో డ్రాప్ హ్యాండిల్ సైకిళ్ళు దొరుకుతాయి, ఏడెనిమిది గేర్లతో. నిజంగా మనకి నచ్చుతుందో లేదో చూసుకోవడానికి ఇవి చాలు. 45 నుంచి 75 వేల మధ్య అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, క్లారిస్ లేక సోరా గేర్లు వస్తాయి. మొదటి సైకిల్‌కి ఇదే సరైన చోటు. ట్రైబాన్, జెయింట్ కంటెండ్ లాంటి పేర్లు వెతకండి. లక్ష దాటితే మీరు కొనేది సరదా. తప్పు లేదు, కానీ అది అవసరం అనుకోకండి.

సైకిళ్ళ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర స్టిక్కరు మీద లెక్క చెబుతుంటే బిల్లులో చూసుకోండి.

ఉన్న డబ్బంతా సైకిల్ మీదే పెట్టేయకండి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, గేజి ఉన్న పంపు, రెండు ట్యూబులు, టైర్ లీవర్లు, ప్యాడ్ ఉన్న నిక్కరు, వీటికి ఏడెనిమిది వేలు పక్కన పెట్టండి. నిక్కరు సంగతి నవ్వులాటగా తీసుకునేవాళ్ళకి రెండో గంటలో అర్థమవుతుంది.

ఎక్కడ కొనాలి? ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా?

రోడ్ బైకులు ఎక్కి చూసి కొనాలంటే విజయవాడో విశాఖో వెళ్ళడం మంచిది, పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. ఒక్క రోజు ఖర్చని వెనకాడకండి. రెండు సైజులు ఎక్కి తొక్కి చూస్తే నెట్‌లో పది రాత్రులు చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. సైకిల్‌ని రైల్లో పార్శిల్‌గా బుక్ చేయొచ్చు. గేర్లున్న వైపు మందపాటి అట్ట కట్టించండి.

ఆన్‌లైన్‌లో వచ్చేది పెట్టెలో సగం బిగించిన సైకిల్. హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్ళు, సీటు మనం బిగించుకోవాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పితే బిగుస్తుంది. బలవంతంగా రెండోవైపు తిప్పితే క్రాంకు మర పాడవుతుంది. ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే హ్యాండిల్ బిగించేయడం కూడా జరుగుతుంటుంది. డిస్క్ బ్రేకు పట్టే భాగం తొక్కేవాడి ఎడమచేతి వైపు, ఫోర్కు వెనక ఉందంటే సరిగ్గా ఉన్నట్టే.

మా ఊరి సైకిల్ షాపాయన దీన్ని బాగుచేయగలడా?

మీరనుకునేదానికంటే ఎక్కువే చేయగలడు. రిమ్ము బెండు తీయడం, స్పోకులు బిగించడం, బేరింగులు సర్దడం, వైర్లు మార్చడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. గేర్ల సర్దుబాటు మాత్రం మీరే నేర్చుకోండి. రెండు మరలు, ఒక వైరు బిగింపు, అంతే.

చిక్కంతా గాలి దగ్గర వస్తుంది. ఆయన ట్యూబు తీసి నీళ్ళ బేసినులో ముంచుతాడు, బుడగ వచ్చిన చోట అగ్గిపుల్ల గుచ్చి గుర్తు పెడతాడు, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ప్యాచీ వేసి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తాడు. అంతా చకచకా అయిపోతుంది. తర్వాత కంప్రెసర్ పైపు అందుకుని సన్నటి వాల్వు చూసి ఆగిపోతాడు. "ఆయ్, ఇది మన పైపుకి ఎక్కదండి బాబూ" అంటాడు. రోడ్ బైక్ ట్యూబులకి ఉండేది ప్రెస్టా వాల్వు. మన పంక్చర్ షాపుల పైపులు మోటార్ సైకిల్ వాల్వుకి సరిపోయేవి. దీనికి మందు వేలెడంత కూడా లేని ఇత్తడి అడాప్టరు. రెండు కొనండి, ఒకటి వాల్వుకే బిగించి వదిలేయండి, ఇంకొకటి సీటు కింద సంచీలో పడేయండి. వాల్వు తల మీదున్న చిన్న మర వదులు చేశాకే గాలి ఎక్కుతుందని ఆయనకి చెప్పండి. ఇంకోమాట, కంప్రెసర్‌తో కొట్టేటప్పుడు కొంచెం కొంచెంగా కొట్టమనండి. లారీ టైరుకి కొట్టినట్టు కొడితే ట్యూబు పేలుతుంది.

పంక్చర్లు ఎక్కువ పడతాయా?

పడతాయి. కాలవగట్ల మీద తుమ్మ, సర్కారు తుమ్మ కొట్టి ఎండబెట్టిన చోట ముళ్ళు రోడ్డంతా ఉంటాయి. కొమ్మలు కొట్టిన ఆనవాళ్ళు కనిపిస్తే దిగి నడవండి, సిగ్గేం లేదు. గేటర్‌స్కిన్ లాంటి దిట్టమైన టైర్లు వేస్తే చాలావరకు తగ్గుతాయి. టైరు మార్చగానే లోపలంతా వేలితో జాగ్రత్తగా తడమండి. విరిగిన ముల్లు మొన లోపలే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. ట్యూబు మార్చడం ఇంట్లో ఫ్యాను కింద నేర్చుకోండి, రోడ్డు మీద కాదు.

ఉప్పుగాలికి తుప్పు పడుతుందా?

కాకినాడ, యానాం, ఓడలరేవు, అంతర్వేది, పేరుపాలెం వైపు తొక్కేవాళ్ళకి ఇది నిజమైన బెడద. అల్యూమినియం ఫ్రేముకి ఎర్ర తుప్పు పట్టదు గానీ చైను, స్పోకు నిపుల్సు, బోల్టులు, వైర్లు దెబ్బతింటాయి. తీరం దాకా వెళ్ళొచ్చిన రోజు మంచినీళ్ళతో మెల్లగా కడగండి. మోటారు పైపుతో బేరింగుల మీదకి కొట్టకూడదు. పొడిగుడ్డతో తుడిచి, చైను ఆరాక లింకుకి ఒక చుక్క చొప్పున చైను ఆయిలు వేసి, పైపైన మిగిలింది తుడిచేయండి. కొబ్బరినూనె వేయకండి. కోనసీమలో చేతికందేది అదే కాబట్టి చాలామంది వేస్తారు, అది జిగటై దుమ్ము పట్టి నల్లగా ముద్దకడుతుంది. మురికి వదలాలంటే కిరసనాయిలు, డీజిలు పనికొస్తాయి. కడిగాక మళ్ళీ ఆయిలు వేయాలి.

ఏడాదికి రెండుసార్లు సీటు గొట్టం బయటికి తీసి, తుడిచి, గ్రీజు రాసి పెట్టండి. స్టీలు ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఉప్పుగాలికి కరుచుకుపోతే ఇక ఊడి రాదు. ఫ్రేము కార్బన్‌దైతే గ్రీజు కాదు, దానికి వేరే పేస్టు ఉంటుంది.

ఆక్వా లారీల నుంచి రోడ్డు మీద కారే నీళ్ళూ ఉప్పువే. పైగా జారతాయి. భీమవరం చుట్టుపక్కల మలుపుల్లో తడి మచ్చ కనిపిస్తే బ్రేకు వేయకుండా నిటారుగా పోనివ్వండి.

సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవచ్చా?

సైజు సరిపోతే హాయిగా. చాలామంది ఉత్సాహంగా కొని, గోడకి ఆనించేసి, తర్వాత అమ్మేస్తారు. పగటి వెలుగులో చూడండి. క్రాంకుల ఇరుసు దగ్గర, హ్యాండిల్ కింద గొట్టాల అతుకుల దగ్గర పెయింటులో గీతలా చీలిక ఉందేమో గోటితో గీరండి. సీటు గొట్టం కదులుతుందో లేదో చూడండి, కదలకపోతే బేరం వదిలేయండి. చక్రం తిప్పి ఊగుతుందేమో చూడండి. రిమ్ బ్రేకైతే రిమ్ అంచు లోపలికి అరిగి పళ్ళెంలా వంగిందేమో తడమండి. ఫ్రేము కింద చెక్కిన నంబరుని బిల్లుతో పోల్చండి. బిల్లు లేదంటే నేనైతే కొనను. కార్బన్ ఫ్రేము పాతది మొదటిసారి కొనేవాళ్ళు ముట్టుకోవద్దు, లోపలి పగులు కంటికి కనబడదు.

నా బరువు 100 కిలోలు. ఆగుతుందా?

ఫ్రేము ఆగుతుంది, చక్రాల సంగతి చూడాలి. 20, 24 స్పోకుల చక్రాలు వద్దు, 28 లేక 32 ఉన్నవి అడగండి. 32 టైరు వేయండి. కంపెనీ పుస్తకంలో మొత్తం బరువు పరిమితి రాసి ఉంటుంది, అందులో సైకిల్ బరువు కలిపారో లేదో చదవండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత స్పోకులు ఒకసారి బిగించండి.

యాభై దాటాయి. అంత వంగి తొక్కగలనా?

అందరూ పోటీల్లో తొక్కేవాళ్ళలా వంగక్కర్లేదు. ఎండ్యూరెన్స్ రకం అని అడగండి, హ్యాండిల్ ఎత్తుగా, దగ్గరగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులుంటే బరువు గేరు మీద కాకుండా తేలిక గేరు మీద నిమిషానికి 80 చుట్లు తిరిగేలా తొక్కండి. బీపీ, షుగరు, గుండె మందులు వాడుతుంటే ముందు డాక్టరుగారితో మాట్లాడండి.

ఆడవాళ్ళకి వేరే మోడల్ కావాలా?

అక్కర్లేదు. కొలతలు సరిపోతే ఏ ఫ్రేమైనా ఒకటే. మార్చాల్సి వస్తే సీటు వెడల్పు, హ్యాండిల్ వెడల్పు మార్చండి. చేతులు చిన్నవైతే బ్రేకు లీవరుని దగ్గరికి తెచ్చే మర ఉంటుంది, షాపులోనే సర్దించుకోండి. చున్నీతో మాత్రం తొక్కొద్దు.

కోతల రోజుల్లో రోడ్డంతా ధాన్యమే ఉంటుంది కదా?

ఉంటుంది. సార్వా కోతలప్పుడూ, దాళ్వా కోతలప్పుడూ సగం రోడ్డు ధాన్యానిదే. పగలు పెద్ద బాధ లేదు, రెండో సగంలో నెమ్మదిగా వెళ్తే సరిపోతుంది. ధాన్యం మీదుగా తొక్కకండి, సన్న టైరు గింజల మీద నిలవదు. రైతు ఎండలో తిరగేసి తిరగేసి ఆరబెట్టిన పంట అది, చూస్తే తిడతాడు, తిట్టాలి కూడా. ప్రమాదమంతా తెల్లవారుజామున. రాత్రి రాశులు పోసి పట్టాలు కప్పి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. నల్ల పట్టా, నల్ల రోడ్డు, మంచు. మిణుకు మిణుకుమనే చిన్న లైటు ఎదుటివాడికి మనం కనపడడానికే, మనకి రాయి కనపడాలంటే కనీసం 400 ల్యూమెన్ల లైటు కావాలి.

ఏ వేళలో తొక్కాలి?

తెల్లవారకముందు బయల్దేరి ఎనిమిదింటికల్లా ఇంటికి. రోహిణీ కార్తెలో ఇంకా ముందే. మన దగ్గర ఎండ కంటే ఉక్క ప్రమాదం, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. రెండు సీసాలు పట్టే ఫ్రేము తీసుకోండి, ఒకదాంట్లో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగో నిమ్మరసమో పోసుకోండి. దారిలో బొండాలు ఎలాగూ ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టడానికి కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం.

షూ బిగించే క్లిప్ పెడళ్ళు మొదట్లోనే కావాలా?

వద్దు. వెడల్పాటి మామూలు పెడళ్ళు, గట్టి అడుగున్న షూ చాలు.

సైకిల్‌తో పంటు ఎక్కొచ్చా?

ఎక్కొచ్చు. నరసాపురం సఖినేటిపల్లి రేవు దగ్గర, కోటిపల్లి ముక్తేశ్వరం రేవు దగ్గర పంటు (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పడవ) మీద దాటితే చుట్టుతిరుగుడు బాగా తగ్గుతుంది. గేర్లున్న కుడివైపు కటకటాలకి ఆనించకండి, మోటార్ సైకిళ్ళు నెట్టుకొస్తే ముందు వంగేది వెనక గేరు వేలాడే కొక్కెమే. అది ఫ్రేముని కాపాడడానికి కావాలనే మెత్తగా చేసిన ముక్క. మీ మోడల్‌కి సరిపోయేది ఒకటి ముందే కొని ఉంచుకోండి, అవసరమైన రోజున డెల్టాలో దొరకదు.

200 కిలోమీటర్ల బ్రెవేకి ఈ సైకిల్ సరిపోతుందా?

సరిపోతుంది. బ్రెవే అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ సవారీ. 200 బ్రెవేకి సమయం 13 గంటల 30 నిమిషాలు, అంటే ఆగిన సమయంతో కలిపి గంటకి 15 కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఇది పోటీ కాదు, మొదట వచ్చినవాడికీ చివర వచ్చినవాడికీ ఒకటే గుర్తింపు. నాలుగేళ్ళకోసారి జరిగే 1200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి వెళ్ళేవాళ్ళు కూడా ఈ మెట్లే ఎక్కి వెళ్తారు. దాని పరిమితి 90 గంటలు, 2023 తర్వాత వచ్చేది 2027లో. మీ సైకిల్‌కి 28 లేక 32 టైర్లు, ముందూ వెనకా లైట్లు, మీకు మెరిసే జాకెట్ ఉంటే చాలు. సైజు సరిగ్గా ఉందో లేదో మాత్రం నూరో కిలోమీటరు దగ్గర మీ మెడే చెబుతుంది.

స్టాండు లేదేంటి?

ఉండదు. బరువని కొంత, అలవాటని కొంత. టీకొట్టు దగ్గర ఎడమవైపు గోడకి ఆనించండి, వెనక చక్రం గోడకి తగిలేలా పెడితే జారదు. అల్యూమినియం గొట్టానికి బయట దొరికే స్టాండు బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది, షాపాయన "నేను చూసుకుంటానండి" అన్నా ఒప్పుకోకండి.